మోకాలి వయసు

మంచు మీద జారే పలకను బూటుకు పట్టి ఉంచే బిగింపును బైండింగ్ అంటారు. మనిషి నిలబడి ఉన్నంతసేపు అది బూటును పట్టుకొని ఉండాలి. మనిషి పడి కాలు మెలిపడే క్షణాన వదిలివేయాలి. ఎంత బలానికి వదలాలో నిర్ణయించే చిన్న మర ఒకటి దాని ముందు భాగంలోనూ, ఇంకొకటి మడమ వెనుకా ఉంటాయి. కువైట్‌లో ఒక మాల్‌లోని ఆటసామాన్ల దుకాణం వెనుక గదిలో కూర్చొని, ఆ మరలను తిప్పి అంకెలు పెట్టడం రమేష్‌బాబు ఉద్యోగం. కోనసీమవాడు. శిక్షణ పొందాడు, పరీక్ష నెగ్గాడు; మంచును మాత్రం ఫ్రిజ్‌లో తప్ప మరెక్కడా చూడలేదు.

చలికాలపు సెలవులకు ముందు ఆ గదిలో పలకలు గోడకు బారులు తీరి నిలబడేవి. వాటి యజమానులు వచ్చి వాటిని తీసుకొని విదేశాల్లోని మంచుకొండలకు వెళ్ళేవారు. తిరిగి వచ్చాక అతనికి ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు. తాను పెట్టిన అంకె ఆ కొండ వాలు మీద సరైన క్షణంలోనే పనిచేసిందా, ముందే వదిలిందా, అసలు వదలనే లేదా? చూడని మంచు కంటే ఈ తెలియని సంగతే అతణ్ణి ఎక్కువగా తొలిచేది.

అటువంటి రోజుల్లోనే వెంకటేశ్వరి వచ్చింది. రాయచోటి పక్కన పల్లె. ఒక కువైటీ ఇంట్లో చాలాకాలంగా పనిమనిషి. ఆమె వెనుక అదే ఇంటి డ్రైవర్ ఖాసిం వలి, ఆమె వైపువాడే, రెండు పలకలను భుజాన వేసుకొని, బరువైన బూట్లను చేత పట్టుకొని వచ్చాడు.

“ఇవి ఊడిరాకుండా గట్టిగా బిగించాలన్నా,” అంది ఆమె, రమేష్‌బాబు తెలుగువాడని తెలియగానే.

“ఊడకుండా బిగిస్తే ఎలాగండీ? ఊడాలనే కదండీ ఇది పెట్టింది.”

“ఊడితే పడతా. పడితే మామా ఖలాస్ అంటాది.”

ఆ ఇంటివాళ్ళు ఏటా మంచుకొండలకు వెళ్ళేటప్పుడు ఆమెను వెంట తీసుకొని వెళతారు. అన్ని ఏళ్ళూ ఆమె హోటలు గదిలోనే ఉండి, తడిసిన మేజోళ్ళు ఆరబెడుతూ, కిటికీలోంచి వాలును చూస్తూ గడిపింది. తన చేతుల్లో పెరిగిన ఆ ఇంటి పిల్ల ఫరీదాకు ఇప్పుడు జారడం వచ్చింది. ఈసారి వెంకటేశ్వరి కూడా తన పక్కన జారితే తప్ప తాను రానని ఆ పిల్ల పట్టుబట్టింది. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, చివరికి ఒప్పుకొని, ఒక స్నేహితురాలి పాత పలకలు ఇప్పించింది. నలుగురిలో పడి నవ్వులపాలు చేస్తే మాత్రం మళ్ళీ హోటలు గదే అంది.

రమేష్‌బాబు ఆమె బరువు తూచాడు, ఎత్తు కొలిచాడు, బూటు మడమ పక్కన చెక్కి ఉన్న అడుగుభాగపు పొడవు చదువుకొన్నాడు.

“ఎలా జారతారండీ? నిదానంగానా, మధ్యస్తంగానా, దూకుడుగానా? దాన్నిబట్టి కూడా మారుతుందండి అంకె.”

“ఎప్పుడు జారినా గనక చెప్పేదానికి!”

“దూకుడని రాయన్నా,” అన్నాడు ఖాసిం వలి. “జమియా అంగట్లో సామాన్ల ట్రాలీ తోసేటప్పుడు సూడాల ఈయక్కను. మనుషులే పక్కకు తప్పుకుంటారు.”

“నువ్వు నోరు మూసుకో అబ్బీ.”

“నిదానం అని రాస్తున్నానండి,” అని రమేష్‌బాబు ఆమె బతాకా, అంటే కువైట్ గుర్తింపు కార్డు, అందుకొని పుట్టిన తేదీ చూశాడు. “యాభై ఒకటి. యాభై దాటితే పట్టికలో ఒక వరుస తగ్గిస్తామండి. కాస్త తేలిగ్గా వదులుతుంది.”

ఆమె చప్పున బతాకా వెనక్కు లాక్కొంది. “యాభై ఎవురికి? ఆ వయసు ఏజెంటుది. ముప్పై దాటని ఆడోళ్ళను పంపరని, ఇరవై నాలుగేండ్లదాన్ని ముప్పై రెండు చేసినాడు. నాకిప్పుడు నలభై మూడు. ఖాసింను అడుగు, మా పక్కూరోడే.”

“నిజమేన్నా. మా అక్క ఈడుది.”

రమేష్‌బాబుకు ఇది వింత కాదు. అబూ హలీఫాలో అతను ఉండే భవనంలోనే రెండేసి వయసులున్న ఆడవాళ్ళు అంతస్తుకు ఒకరైనా ఉంటారు. కాని ఆ రెండింటిలో ఏది నమ్మాలన్న ప్రశ్న ఇంతవరకు అతని మర దాకా రాలేదు. చివరికి, కొలత ఒంటికే గాని కాగితానికి కాదని నిశ్చయించుకొని, నలభై మూడుకు తగ్గ అంకె పెట్టి యంత్రం మీద పరీక్షించాడు. అంకె సరిపోయింది.

“యంత్రానికి సరే,” అంది వెంకటేశ్వరి. “నాకు ఎట్లా ఇడుస్తాదో సూపియ్యన్నా. తెలియకుండా ఎట్లా తొడుక్కోవాల?”

అలా అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. అతను తివాచీ మీద పలక పరిచి, ఆమెకు బూటు తొడిగి, బైండింగ్‌లో నిలబెట్టాడు. భుజం పట్టుకోమని, కాలి ముందు భాగాన్ని మెల్లగా లోపలి వైపు తిప్పమన్నాడు.

ఆమె తిప్పింది. బైండింగ్ వదలలేదు. ఇంకొంచెం తిప్పింది. ఆమె చెయ్యి అతని భుజం మీంచి జారి, తన మోకాలి మీదికి వెళ్ళింది.

“ఆపండాపండి! నొప్పా అండీ?”

“నొప్పీ లేదు, ఏమీ లేదు.”

“ఏమీ లేదా?” అన్నాడు ఖాసిం వలి. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు. “మూడంతస్తుల ఇల్లు మోకాళ్ళ మీద కూర్చోని తుడుస్తాది. కారెక్కితే కారంతా నొప్పిమందు వాసనే.”

“మామాకు చెప్పినావంటే చంపుతా.”

“నేనెందుకు చెప్తా?”

రమేష్‌బాబు రెండు పలకల మరలనూ అర గీత వెనక్కు తిప్పాడు. బతాకాలోని వయసుకు తగ్గ స్థానం అది. “ఇప్పుడు తిప్పండి. నొప్పి మొదలైతే ఆపెయ్యాలండి.”

ఆమె భయంభయంగా కాలు తిప్పింది. టక్కుమని బూటు పక్కకు తప్పుకొంది. ఆమె ఒక్క క్షణం తన కాలి వైపు, పలక వైపు చూసింది.

“మళ్ళా ఒగతూరి పెట్టు.”

మళ్ళీ వదిలింది. రెండో కాలితో కూడా చూసింది. అదీ వదిలింది. ఆమె కాలు విరిచి కాదు, తలుపు గడియ తీసినట్టు, అంత తేలికగా.

“అయితే నా మోకాలికి యాభై ఒకటా?” అంది నెమ్మదిగా.

“ఏజెంటు అబద్ధం చెప్పలేదక్కా,” అన్నాడు ఖాసిం వలి. “ముందుగా చెప్పినాడు, అంతే.”

ఆమె నవ్వింది. “దీంట్లోనే ఉంచితే ఊరికే నిలబడినప్పుడు ఊడదు గదా?”

“నిదానంగా జారితే ఊడదండి. దూకుడుగా వెళితే మాత్రం చెప్పలేను.”

అప్పుడే ఫోను మోగింది. అవతల మామా. గట్టిగా బిగించారా అన్న ప్రశ్న ఆ గదిలోని ముగ్గురికీ వినబడింది. వెంకటేశ్వరి మర వైపు చూసింది. మళ్ళీ అర గీత బిగిస్తే మామా కోరినట్టే అవుతుంది. కాని పడి ఆ మోకాలు తిరిగితే హోటలు గదికి కాదు, రాయచోటికే పంపుతారు.

“జెయిన్ మామా, జెయిన్,” అంది. బాగుందనే చెప్పింది, గట్టిగా ఉందని చెప్పలేదు.

వాళ్ళు బయలుదేరుతుంటే రమేష్‌బాబు గుమ్మం దాకా వచ్చాడు. “అక్కా, ఒక్కటి అడగనా అండీ? అక్కడ పడితే నాకొక మెసేజ్ పెట్టండి. ఎలా వదిలిందో.”

“పడమని దీవిస్తాండావా అన్నా?” అన్నాడు ఖాసిం వలి. “యల్లా, పోదాం పా.”

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం అతని ఫోనుకు వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనుక గాలి హోరు, ఒక పిల్ల కిలకిల నవ్వు.

“అన్నా, నేను వెంకటేశ్వరిని. పడినా. కుడిది ఇడిసింది. మోకాలు కలుక్కుమనను కూడా లేదు. ఫరీదానే మళ్ళా తొడిగించింది. మామా యాడనో కాఫీ తాగతాండాది, సూడలా. కిందిదాకా ఇద్దరమూ వచ్చినాం. మంచు ఎట్లుంటాదంటే, అన్నా, పైన పిండి మాదిరి, అడుగున కడప బండ మాదిరి. ఒగటే అర్థం కాలా. ఎడమది ఇడవలా. చెడిపోయిందా, లేకుంటే దానికి ఇడవాల్సిన పని పడలేదా? నీకు చెప్పాల గదా, రేపు ఆ పక్కకు గూడా పడి సూస్తాలే.”

అతను కంగారుగా జవాబు రాశాడు: ‘కావాలని పడకండి అక్కా. మెలిపడిన కాలినే వదులుతుందండి. ఎడమది బాగానే ఉంది.’ పంపించాక, ఆ చివరి మాట తనకు నిజంగా తెలుసా అని ఆలోచించాడు. ఎడమది కూడా ఆ గదిలో తన కళ్ళ ముందే వదిలింది, అది తెలుసు. ఆమె ఏ పక్కకు ఒరిగిందో, ఎంత బరువు ఏ కాలి మీద పడిందో, అది తెలియదు. ‘ఏ పక్కకు పడ్డారండీ?’ అని ఇంకొకటి రాసి పంపాడు.

ఆ రాత్రికి జవాబు రాలేదు. మరునాడు దుకాణం షట్టరు ఎత్తకముందే అతను జేబులోంచి ఫోను తీశాడు.