చెప్పమని రాసిచ్చిన కాగితం

మామయ్య తన ముందు చేతులు కట్టుకుని నిలబడటం నర్సు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"మీ అత్తయ్య కడుపులో ఏముందటే?"

"చెప్పకూడదు మామయ్యా. ఎవరికి చెప్పవచ్చో రోగే రాసివ్వాలి. ఆ కాగితంలో మీ పేరు లేదు."

"కట్టుకున్న మొగుణ్ణే!"

"కట్టుకుంది కాబట్టే రాయలేదేమో."

పక్క మంచం ఆవిడ దుప్పటి అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అందులో అబద్ధం లేదు. చేరిన రోజునే అత్తయ్య, "ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, వద్దు" అని ఆ గడి ఖాళీగా వదిలేసింది. ఆ నోటి సంగతి నర్సుకు ఒకరు చెప్పాలా? పదేళ్ల కిందట అమ్మ పరీక్ష కాగితం తెచ్చిపెడతానని వెళ్లిన ఈ మామయ్యే, దారిలో మంగలి కొట్టు దగ్గర ఆగి, క్షయ అని అందరికీ చదివి వినిపించాడు. మందులతో ఆరు నెలల్లో జబ్బు పోయింది. కుట్టడానికిచ్చిన బట్టలను కర్రతో ఎత్తి పట్టుకుపోయినవాళ్లు మాత్రం మళ్లీ అమ్మ గడప తొక్కలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు అత్తయ్య పిలిచింది.

"మూడింటికి ఆపరేషను కదే, భయంగా ఉంది. ఆయనకు చెప్పెయ్. లోపలికి పోయేలోగా ఒకసారి వచ్చి నా దగ్గర కూర్చోమను."

మొగుడి పేరు రాసి సంతకం పెట్టింది. నర్సు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంది.

వరండా బెంచీ మీద ఉన్న మామయ్య ఆమెను చూసి లేచాడు. "ఏమన్నా చెప్పమందా?"

"పనిలో ఉన్నాను, కూర్చోండి."

మందుల ట్రాలీ తోసుకుంటూ అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగింది. ఆయన లేచి కూలబడినప్పుడల్లా ఆమె కడుపులో చల్లగా ఉంది. డిగ్రీ చేతికొచ్చిన రోజున కూడా అంత చల్లదనం ఎరగదు. అమ్మ పదేళ్లు కూర్చుంది, ఈయన ఇంకో పావుగంట కూర్చుంటే అరిగిపోతాడా?

రెండింటికే థియేటరు నుంచి ఫోను వచ్చింది. ముందు కేసు రద్దయింది, వెంటనే పంపమన్నారు. అత్తయ్యను ఎక్కించిన స్ట్రెచర్ వరండా వైపు కాకుండా వార్డు వెనక తలుపు గుండా కదిలింది.

"రానన్నాడా?" అంది అత్తయ్య.

నర్సు దుప్పటి సర్ది స్ట్రెచర్ తోసింది.

"పోనీలే. నువ్వాయన్నేమీ అనకు."

థియేటరు తలుపులు మూసుకున్నాయి.

నర్సు మామయ్యను కట్లు కట్టే గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. "గర్భసంచిలో గడ్డ. మంచిదో చెడ్డదో తీశాక తెలుస్తుంది. ఇప్పుడే లోపలికి తీసుకెళ్లారు. మిమ్మల్ని వచ్చి కూర్చోమని ఒంటిగంటకే అడిగింది. నేనే చెప్పలేదు."

ఆయన మొహం పాలిపోయింది. గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఈ గడ్డ సంగతి బయట ఎవరికీ..." అన్నాడు.

"మీరు చెప్పకపోతే చాలు."

ఆ మాట అన్నందుకు ఆమె బాధపడలేదు. బాధంతా, ఎవరి మీద దెబ్బ వేస్తే ఎవరికి తగిలిందో తలచుకునే.

పెద్ద నర్సు బల్ల దగ్గరకు వెళ్లి, తప్పులు నమోదు చేసే పత్రం అడిగి తీసుకుంది. అనుమతి ఇచ్చిన సమయం రాసింది, తెలియజేసిన సమయం రాసింది. ఆలస్యానికి కారణం అన్న చోట 'పని ఒత్తిడి' అని సగం రాసి కొట్టేసింది. దాని పక్కన 'కక్ష' అని రాసి సంతకం చేసింది.