ఇంజన్ చెడిపోయిన రోజు

సుభాషిణి కాయితం మీద బొమ్మలు గీసుకుని మరీ వచ్చింది. నెల్లూరులో జర్నలిజం చదివే పిల్ల. ఈసారి పరీక్షకు బదులు ఒక కథనం చేసి చూపించాలి. అందులో వీడియో, శబ్దం, ఫొటోలు, రాత అన్నీ ఉండాలి. సొంత నాయనకే పడవ ఉండగా వేరే కథెందుకని మైపాడు పక్కనున్న తమ పాలేన్నే ఎంచుకుంది. మొదటి దృశ్యం, నాయన పోలేరయ్య పడవ అలల్లోకి దిగడం. బొమ్మలో అలలు కూడా ముచ్చటగానే కుదిరాయి.

"తెలిసిన సంగతైనా సరే అడగండి, జవాబు వాళ్ల నోటి నుంచే రావాలి" అని మాస్టారు చెప్పిన మాట ఆమె నెత్తికెక్కి కూర్చుంది. తెల్లవారగానే నాయనతో కలిపి నలుగురు మగవాళ్లు పడవను నీళ్లలోకి నెడుతున్నారు. సుభాషిణి ఫోన్ ఎత్తి పట్టుకుని, టీవీ వాళ్ల గొంతు తెచ్చిపెట్టుకుని అడిగింది.

"నాయనా, యాడికి పోతుండారు?"

బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు. వేటకు పోయేవాణ్ణి అసలే అడగకూడదు, అడిగితే ఆ రోజుకు వేట లేనట్టే. చిన్నప్పుడు ఈ మాట అన్నందుకే అమ్మ చేతిలో వీపు విమానం మోత మోగించుకున్న పిల్ల ఇది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

పోలేరయ్య ఆగిపోయాడు. కూతురి వంక చూశాడు గానీ కోప్పడలేదు. ఇంజన్ చూసుకునే పెంచలకృష్ణ వైపు తిరిగి, "ఒరే, ఇంజన్ శబ్దం నిన్నటి నుంచి తేడాగా ఉండాది. ఈ పొద్దు ఇప్పి చూద్దాం" అన్నాడు.

"సరే అన్నా" అన్నాడు పెంచలకృష్ణ. పడవ మళ్లీ ఇసుక ఎక్కింది.

తనేం అడిగిందో సుభాషిణికి అప్పుడు తట్టింది. అలల హోరులో తన మాట నాయనకు తప్ప ఎవరికీ వినబడినట్టు లేదు. తనను కాయడానికే ఆయన ఇంజన్ పేరు ఎత్తాడు. నలుగురి నోటి కాడి కూడు తీసినందుకు సిగ్గూ, నాయన మంచితనానికి ఏడుపూ కలిసి వచ్చాయి.

అయినా చేతిలో ఫోన్ ఊరుకోదు గదా. పట్ట మీద పరిచిన బోల్టులను ఫొటోలు తీసింది, పానాల చప్పుడు రికార్డు చేసింది. ఇంజన్ చెడి వేట ఆగిన రోజు అని పేరు పెడితే మంచి కథనమే అవుతుంది. కాకపోతే అది పచ్చి అబద్ధం. నిజం చెబితే మాత్రం నాయన తోటివాళ్ల ముందు అబద్ధాలకోరు అవుతాడు. ఆమెకు ఎటూ పాలుపోలేదు.

పొద్దెక్కాక పెంచలకృష్ణ పక్కన చతికిలబడింది. "మామా, ఇంజన్‌కి ఏమైంది?"

"ఏం కాలేదుమ్మా. బంగారంలా ఉండాది."

"మరెందుకు ఇప్పినారు?"

కొట్టం నీడలో ఒక్కో బోల్టూ శ్రద్ధగా తుడుస్తున్న పోలేరయ్య వైపు చూసి, అతను గొంతు తగ్గించాడు. "నువ్వు అడిగింది అందరం ఇన్నాం. మీ నాయన ఇంజన్ అన్నాడు. మేమూ ఇంజనే అన్నాం. ఆయనతో చెప్పబాక, ఎవురికీ ఇనబడలేదనుకుంటుండాడు పాపం."

సుభాషిణి ఫోన్ అతని ఒళ్లో పెట్టేసి లేచింది. నేరుగా కొట్టం కిందికి పోయి, "నాయనా, నేను అడిగింది అందరూ ఇన్నారు" అంది.

పోలేరయ్య చేతిలో గుడ్డ ఆగింది. తోటివాళ్ల వైపు చూశాడు. ముగ్గురూ సముద్రాన్ని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు అటు తిరిగారు.

"అయితే పొద్దుట్నుంచి నా చేత ఈ బోల్టులన్నీ ఊరికే తుడిపించినారా దొంగనాయాళ్లు!"

ముందు ఆయనే నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. నవ్వుతూనే పోలేరయ్య ఆ మసిగుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాడు, ముఖమంతా గ్రీజు అయింది.

ఆ నవ్వు తీయడానికి సుభాషిణి చేతిలో ఫోన్ లేదు. అందుకని దాన్ని రాతలో పెట్టింది. "ఈ రోజు వేట ఆపింది నేనే" అని మొదలుపెట్టి, నాయనకు చదివి వినిపించింది. ఆయన చివరిదాకా విని, "ఇంజన్ మాట అట్నే ఉండనీమ్మా" అన్నాడు. "వాళ్లు నాకోసం ఆడిన అబద్ధం అది."