పెరట్లో పాకే తీగ

పొద్దున్నే పెరడు ఊడవాలి, ఇసుక మీద పాకిన తీగ పీకి పారెయ్యాలి. కాపురానికొచ్చిన మర్నాడే అత్తగారు అప్పగించిన పని. "పెరడు అద్దంలా ఉండాలమ్మా," అన్నారావిడ. పదకొండేళ్ళుగా అద్దంలాగే ఉంది. సముద్రం వైపు పెరళ్ళున్న ఆ వరసలో ఇంటింటి కోడళ్ళదీ ఇదే చాకిరీ. ఆ తర్వాత వంట, క్యారేజీలు, పరుగున ఆఫీసు. అక్కడ ఆమె పని తీరాన్ని కొలవడం. నెలకోసారి టేపు పట్టుకుని, ఇళ్ళ వెనక గోడల నుంచి అలల దాకా ఎన్ని అడుగుల ఇసుక మిగిలిందో రాయాలి. "ఇసుక కొలవడం కూడా ఒక ఉద్యోగమే!" అని మొగుడు చుట్టాలందరినీ నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది, ఏం చేస్తుంది మరి.

ఈమధ్య ఆ నవ్వు ఆగింది. వాళ్ళింటి వెనక అరవై అడుగులుండే ఇసుక ఇరవై ఆరుకొచ్చింది. "మన వెనక రాళ్ళ గోడ కట్టాలని రిపోర్టులో రాసెయ్. నీ చేతిలో పనేగా," అన్నాడు నిన్న కంచం ముందు కూర్చుని. తన చేతిలో ఒక పనుందని అతను ఒప్పుకోవడం అదే మొదలు. సంతోషించాలో ఏడవాలో ఆమెకి తెలియలేదు. గోడ కడితే ఇల్లు నిలుస్తుంది, నిజమే. కానీ గోడకి కొట్టుకున్న అల ఊరుకుంటుందా? పక్కనున్న చేపలవాళ్ళ వీధి ఇసుకని లాక్కుపోతుంది. కట్టకపోతే తన పిల్లలు పడుకునే గదికే ఎసరు. "కొంప ముంచకే తల్లీ," అన్నారు అత్తగారు. ఎటు ఆలోచించినా బుర్ర తిరిగిపోయింది.

ఇవాళ చేపలవాళ్ళ వీధి వెనక టేపు పరిచి బిత్తరపోయింది. యాభై ఎనిమిది! నెలనెలా తనే రాసే అంకె, తమ ఇంటి ఇరవై ఆరు పక్కన పెట్టి చూడటం మాత్రం ఇవాళే. అదే సముద్రం, అదే గాలి. ఇక్కడ మాత్రం ఇసుక దిబ్బ నడుమెత్తున ఉంది, దాని నిండా తను రోజూ పీకే ఊదారంగు పూల తీగే.

"దీన్ని పీకరా?" అనడిగింది, ఎప్పుడూ మంచినీళ్ళిచ్చే ముసలమ్మని.

"ఎందుకు పీకుతామే పిచ్చిదానా! గాలికెగిరే ఇసుకని పట్టి ఆపేది అదేగా. ఆఫీసుదానివి, నీకు తెలీదూ?"

తెలియకపోవడమేం! 'తీగలు పీకరాదు' అని తీరమంతా బోర్డులు పెట్టించింది తనే. తన పెరడు కూడా తీరమేనని ఒక్క పొద్దునైనా తట్టలేదు. పెరడంటే అత్తగారి మాట, చీపురు, నడుంనొప్పి. సిగ్గుతో చచ్చిపోయింది.

రిపోర్టులో ఇసుక తగ్గడానికి కారణం రాయాల్సిన చోట, 'ఇళ్ళవాళ్ళు రోజూ తీగ పీకి ఊడవడం, మా ఇంటితో సహా' అని రాసింది. గోడ వద్దు, తీగ నాటాలి, అది పట్టుకునే దాకా మా వరసవాళ్ళు వేరేచోట ఉండాలి అని కూడా రాసింది. కింద సంతకం పెట్టి ఇచ్చేసింది.

"గోడ రాశావా?" అన్నాడు మొగుడు, ఇంట్లో అడుగుపెట్టగానే.

"లేదు. తీగ రాశాను."

"నీకేమైనా మతిపోయిందా? ఇల్లు పోతే?"

"ఏమో, నాకూ తెలీదు."

నిజంగానే తెలీదు. ఆ తీగ ఎప్పటికి పాకుతుందో, సముద్రం అందాకా ఆగుతుందో లేదో.

మర్నాడు పొద్దున అత్తగారు అలవాటుగా చీపురు అందించారు. ఆమె దాన్ని తీసుకుని మూలన పెట్టింది.

"ఇక పెరడు ఊడవను అత్తయ్యా. నా ఉద్యోగం ఒప్పుకోదు."