సల్ల పోసే ఇంట్లో వైఫై

సాయంత్రం ఆరు దాటిందంటే లావణ్య తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయేది. భిన్నాల కూడిక చెబుతూ, "ఇప్పుడు కింది అంకెలు రెండూ సమానం చేద్దాం" అనేసరికి లాప్‌టాప్ మీద గుండ్రటి చక్రం తిరగడం మొదలయ్యేది. అవతల పిల్లలకు ఆమె బొమ్మ మాత్రమే మిగిలేది. కళ్లు సగం మూసుకుని, నోరు బార్లా తెరిచి, చెయ్యి గాల్లో పెట్టిన బొమ్మ. క్లాసులోని ఒక తుంటరి దాన్ని ఫొటో తీసి స్టిక్కరు చేశాడు. ఆ స్టిక్కరు ఊరంతా తిరిగి చివరికి రశ్మి మేడమ్ ఫోనులోకి చేరింది.

రశ్మి మేడమ్ అంటే లావణ్య పైఅధికారి. ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే సంస్థలో లావణ్య ఇంకా ట్రయల్ మీదే ఉంది. సోమవారం సాయంత్రం క్లాసుకు తానే వచ్చి కూర్చుంటాననీ, ఆ రోజు కూడా వీడియో ఆగితే వేరే టీచరును చూసుకోక తప్పదనీ మేడమ్ మర్యాదగానే చెప్పింది. తిట్టినా బాగుండేదనిపించింది లావణ్యకు.

ఫలక్‌నుమాలో తాతల నాటి నుంచి బర్రెలను నమ్ముకుని బతికిన ఇల్లు అది. అందులో డిగ్రీ చదివిన మొదటి మనిషి లావణ్య. ఆమెకు ఉద్యోగం వచ్చిన రోజు తండ్రి బుచ్చయ్య పాలు పోసే ప్రతి గడపలోనూ ఆ ముచ్చట చెప్పి వచ్చాడు. ఇప్పుడది పోయిందని అన్ని గడపల్లోనూ ఎవరు చెప్పాలి?

అందుకని వైద్యం మొదలుపెట్టింది. ఆఫ్ చేసి ఆన్ చేయడం కంప్యూటర్లకు వేపాకు లాంటిది కదా, ముందు అదే చేసింది. లాప్‌టాప్ ఆఫ్ చేసింది, ఆన్ చేసింది. వైఫై డబ్బా ఆఫ్ చేసింది, ఆన్ చేసింది. నెట్ కంపెనీ వాళ్ల కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, పాట మొత్తం వినిపించాక, ఆఫ్ చేసి ఆన్ చేశారా మేడమ్ అని అడిగారు. చేశానంది. ఇంకొక్కసారి చేసి చూడండి మేడమ్ అన్నారు.

తర్వాత నింద తమ్ముడి మీదికి పోయింది. నందు పాత సామాన్లు ఒక్కొక్కటీ ఏరుకొచ్చి సొంతంగా ఒక కంప్యూటర్ బిగించుకున్నాడు. దాని కడుపులో పెళ్లిపందిరిలా రంగుల లైట్లు వెలుగుతుంటాయి. సాయంత్రమైతే చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, ఎక్కడెక్కడి వాళ్లతోనో కలిసి తుపాకుల ఆట ఆడతాడు. అతడికీ అదే గోడు. శత్రువు కనిపించి తుపాకీ ఎత్తేలోపే ఆట బిగుసుకుపోతుంది, కదిలేసరికి తాను చచ్చి పడి ఉంటాడు. ఆ పాపం అక్క వీడియోదేనని అతని నమ్మకం.

"ఆటకు ఎంత నెట్ కావాలక్కా? సుక్కంత. నీ వీడియోనే బకెట్లకు బకెట్లు తాగుతది" అన్నాడు.

లావణ్య వినలేదు. క్లాసు మొదలయ్యే ముందు పోయి అతని కంప్యూటర్ తీగ పీకేసింది. నందు లొల్లి చేయలేదు. ఆమె వెనకాల మంచం మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తెర మీద చక్రం తిరగగానే నెమ్మదిగా దగ్గాడు.

"సూసినవా? నా డబ్బా సప్పుడు లేకుంట పండుకుంది. ఇప్పుడెవర్ని తిడ్తవ్?"

తిట్టడానికి వైఫై డబ్బా ఒక్కటే మిగిలింది. అది దేవుడి పటాల పక్కన అరలో ఉంటుంది. తల్లి లలితమ్మ దుమ్ము పడకుండా దానికి అల్లిక గుడ్డ కప్పి, దసరానాడు పెట్టిన బొట్టు చెరగకుండా చూసుకుంటోంది. లావణ్య ఆ గుడ్డ తీసి చెయ్యి పెడితే డబ్బా జ్వరమొచ్చినట్టు కాలుతోంది. రోగం దొరికిందనుకుంది. లలితమ్మ వద్దంటున్నా డబ్బాను కిటికీ దగ్గరికి మార్చింది. డబ్బా చల్లబడింది. చక్రం మాత్రం ఆగలేదు. గుడ్డ తీసినందుకే ఇట్ల అవుతోందని లలితమ్మ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ కూడా అన్నది.

ఆఖరికి నందు దగ్గరున్న పొడుగు తీగ తెచ్చి డబ్బా నుంచి నేరుగా లాప్‌టాప్‌కు తగిలించింది. అప్పుడూ ఆగింది. లెక్కల మనిషి కాబట్టి అక్కడ కాస్త నిలబడి ఆలోచించింది. తీగ మీద కూడా ఆగుతోందంటే తప్పు గాల్లో లేదు. లాప్‌టాప్‌లో అయితే నందు ఆట ఎందుకు ఆగుతుంది? పొద్దున గుర్రంలా పరుగెత్తే నెట్టు సాయంత్రం ఎందుకు కుంటుతుంది? డబ్బా లోపలి సెట్టింగులు తెరిచి చూద్దామంటే దాని తాళం పాస్‌వర్డ్ లైను వేసినవాళ్ల దగ్గర ఉండిపోయింది.

ఆమె ఇలా లోపల జుట్టు పీక్కుంటుంటే బయట అరుగు మీద ఎప్పటిలాగే జనం కూర్చుని ఉండేవాళ్లు. ఎదురింటి దర్జీ చాచా, మూలమీది ఇంటి వరమ్మ, పక్క సందులో ఉండే నర్సు రాహేలు, ఆమె కొడుకు. బుచ్చయ్యకు మనుషులంటే ప్రాణం. వాళ్ల మధ్య కూర్చుని బర్రెల ముచ్చట్లు చెబుతూనే ఉంటాడు. వినేవాళ్ల తలలన్నీ ఒళ్లోకి వంగి ఉంటాయి. ఒకరోజు చాచా ఫోనులో క్రికెట్ అరుపులు మరీ ఎక్కువైతే లావణ్య బయటికొచ్చి, క్లాసు జరుగుతోంది, సౌండ్ తగ్గించమని బతిమాలింది. చాచా నొచ్చుకుని వెంటనే తగ్గించాడు. ఆమె థాంక్స్ చెప్పి లోపలికి పోయి, మళ్లీ నోరు తెరిచి ఆగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం లైన్‌మ్యాన్ ప్రేమ్‌రాజ్ వచ్చాడు. రమ్మని వారం నుంచి ఫోన్లు చేస్తే అప్పటికి తీరిక దొరికింది. డబ్బా మీది పచ్చ లైటు చూపించి, లైను వజ్రంలా ఉందన్నాడు. మరి ఎందుకు ఆగుతోందంటే, ఇక్కడి వరకే తన పని, ఇక్కడి నుంచి ఇంటివాళ్ల పని అన్నాడు. లావణ్య వదల్లేదు. అయితే డబ్బాను కొన్ననాటి స్థితికి తెచ్చి, సెట్టింగులు మళ్లీ వేసి, ఆ తాళం తమ చేతికిచ్చి పొమ్మంది. ప్రేమ్‌రాజ్ గొణుక్కుంటూనే కూర్చున్నాడు.

"పాత పాస్‌వర్డే పెట్టాల్నా మేడమ్? అది ఎవరెవరికి తెల్సు?"

"మా నలుగురికే అన్నా. కొత్తదే పెట్టు."

పాత పాస్‌వర్డ్ వాళ్ల పెద్ద బర్రె పేరు. గుమ్మంలో నిలబడి వింటున్న బుచ్చయ్యకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. కుడితి కలపాలని గుర్తొచ్చి కొట్టంలోకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నెట్టు పరుగులు తీసింది. లావణ్య వీడియో పెట్టుకుని ఖాళీ గోడకు భిన్నాలన్నీ చెప్పి చూసింది. ఎక్కడా ఆగలేదు. నందు ఆటలో చావకుండా చాలాసేపు బతికాడు. ఇద్దరూ వారం తర్వాత ఒకరి మొహం చూసి ఒకరు నవ్వుకున్నారు.

అప్పుడే గుమ్మంలో వరమ్మ కనిపించింది, చేతిలో ముంతతో.

ఆ ఇంట్లో సల్ల పోసేది పొద్దున్నే. పాలు అమ్ముతారు గానీ మజ్జిగ అమ్మరు. ఎవరొచ్చి ముంత చాపినా ఊరికే పోయాలన్నది బుచ్చయ్య తండ్రి పెట్టిన పద్ధతి. దీపాలు పెట్టే వేళ సల్లకు రావడమేమిటని లావణ్య వింతపడింది. లలితమ్మ ముంత నింపి ఇచ్చినా వరమ్మ కదల్లేదు. బుచ్చయ్య వైపు చూస్తుంది, తల దించుకుంటుంది. చీర చెంగు కింద ఏదో వెలుగుతోంది. చల్లకొచ్చి ముంత దాచడం విన్నది గానీ, ముంత ముందు పెట్టి ఫోను దాచడం లావణ్య ఎన్నడూ చూడలేదు.

వరమ్మ వెనకాలే రాహేలు వచ్చింది, కొడుకును వెంటబెట్టుకుని. చాచా మాత్రం ముంతలూ మొహమాటాలూ లేకుండా వచ్చాడు.

"బుచ్చయ్య భాయ్, నెట్ బంద్ అయింది. క్యా హువా?"

లావణ్యకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. అరుగు మీది వంగిన తలలు, క్రికెట్ అరుపులు, సాయంత్రం కుంటే గుర్రం. తండ్రి వైపు చూసింది. బుచ్చయ్య నేల చూపులు చూడలేదు. పెద్దరికంగా మీసం దువ్వుకున్నాడు.

"బిడ్డా, కొత్తది ఏందో చెప్పు. అందరు నిలవడ్డరు."

ఇంతవరకు తండ్రి అడిగితే లేదన్న మనిషి కాదు లావణ్య.

"రేపు క్లాసయ్యే దాక చెప్పను బాపు."

గల్లీ అంతా చెవులు రిక్కించినట్టయింది. చాచానే ముందు తేరుకుని, కోయీ బాత్ నహీ బేటీ అని వెనక్కి తిరిగాడు. రాహేలు కొడుకు చెయ్యి పట్టుకుంది. వరమ్మ సల్ల ముంత అరుగు మీద అలాగే పెట్టి వెళ్లిపోయింది. దాన్ని చూసి బుచ్చయ్య మొహం మాడిపోయింది.

అందరూ పోయాక ఆయన మెల్లగానే మాట్లాడాడు. రాహేలు కొడుకు చదువుకుంటడని ముందు వాడికి పాస్‌వర్డ్ ఇచ్చాడట. వాడికిచ్చినప్పుడు చాచాకు ఎట్ల లేదంటాడు? చాచాకిచ్చి వరమ్మను కాదంటే ముసల్ది బాధపడదా? అట్లా సగం గల్లీకి పంచిపెట్టాడు. గాల్లో వచ్చేది పది మంది తీసుకుంటే తరిగిపోతదా అని అడిగాడు. తరిగిపోతుందని లావణ్య చెప్పింది. తీగలో వచ్చేది ఒక్క క్యాను పాలే అనుకో, ఇంటికి వచ్చే దాన్ని అందరూ గిన్నెలు పెట్టి తోడుకుంటే మనకు అడుగంటుతుందని చెప్పింది. ఉద్యోగం సంగతి చెప్పింది. నోరు తెరిచిన స్టిక్కరు చూపించింది. బుచ్చయ్య అన్నీ విన్నాడు.

"నా నాయిన సచ్చేదాక ఈ గడపల లేదన్న మాట రాలే" అని మాత్రం అన్నాడు. అని లేచి కొట్టంలోకి పోయాడు. రోషం, దుఃఖం కలిసి లావణ్యకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇంత చదివి, వారం రోజులు ఊరందరినీ తిట్టి, ఆఖరికి పట్టుకున్న దొంగ బాపు.

సోమవారం తెల్లవారి లలితమ్మ వాకిట్లో సల్ల చిలుకుతోంది. వరమ్మే ముందొచ్చింది. రాత్రి కోపం కొంచెం మొహం మీదే ఉన్నా సల్ల లేకుండా ఆమెకు ముద్ద దిగదు. ఇంకో ముంత తెచ్చి ముందుకు చాపింది. బుచ్చయ్య పాల క్యాన్లు కడుగుతూ తల ఎత్తకుండానే అన్నాడు.

"జర ఆగు వరమ్మా. ఇంక వెన్న తియ్యలే."

గడపలో పళ్లు తోముకుంటున్న లావణ్య బ్రష్ నోట్లోంచి తీసింది.

"బాపు, నేను గదే అంటున్న."

బుచ్చయ్య చేతిలో క్యాను ఆగింది. కూతురిని చూశాడు, కుండలో తేలుతున్న వెన్నను చూశాడు. వరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"అయితే నువ్వు గూడ వెన్న తీసినంకనే పొయ్యి బిడ్డా" అన్నాడు చివరికి.

మిగతా పని నందు చేశాడు. తాళం ఇప్పుడు చేతిలో ఉంది కాబట్టి డబ్బాలో రెండు దారులు వేశాడు. ఒకటి కొత్త పేరుతో ఇంటికి. రెండోది వచ్చిపోయేవాళ్ల కోసం. దానికి పాత పేరే, పాత బర్రె పాస్‌వర్డే పెట్టాడు, ఎవరూ మళ్లీ గడప ముందు నిలబడి అడిగే పని లేకుండా. కాకపోతే ఆ దారిలో సన్నటి ధార మాత్రమే పారేలా వేగానికి హద్దు కట్టాడు. గల్లీలోని ఫోన్లన్నీ ఎవరి చేతిలో అవే మళ్లీ పలికాయి. అక్క క్లాసయ్యే దాకా ఆట ముట్టనని కూడా అన్నాడు. ఆ మాట అతని నోట వినడం లావణ్యకు అదే మొదలు.

సాయంత్రం రశ్మి మేడమ్ తెర మూలన చిన్న గడిలో వచ్చి కూర్చుంది. లావణ్య భిన్నాలు మొదలుపెట్టింది. కింది అంకెల దగ్గరికి వచ్చేసరికి ఒక కన్ను చక్రం తిరిగే చోటే పెట్టింది. కింది అంకెలు సమానమయ్యాయి, పైవి కలిశాయి, చక్రం రాలేదు. స్టిక్కరు చేసిన పిల్లవాడే జవాబు చెప్పాడు.

కిటికీ అవతల మాత్రం గొణుగుడు మొదలైంది. క్రికెట్ ఆగిపోతోందని చాచా. సీరియల్లో అత్త కొట్టడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉందని వరమ్మ. ఆ గోలలో తండ్రి గొంతు లావణ్యకు స్పష్టంగా వినిపించింది.

"ఆగుండ్రి జర. లోపల మా బిడ్డ వెన్న తీస్తుంది."

క్లాసు అయ్యాక పిల్లలందరూ వెళ్లిపోయినా రశ్మి మేడమ్ ఉండిపోయింది. లైను బాగుందంది, చెప్పడం ఇంకా బాగుందంది, రేపటి నుంచి రెండు క్లాసులు ఇస్తానంది. కానీ ఇంటి బయట ఏదో పంచాయితీ జరుగుతున్నట్టుంది, కిటికీ మూసుకుంటే మంచిదని కూడా అంది.

లావణ్య లాప్‌టాప్ మూసి, ఆ సంతోషం చెప్పడానికి బయటికి పరుగెత్తింది. చెప్పేలోపే అరుగు మీది తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. బుచ్చయ్య కళ్లతోనే అడిగాడు. ఆమె తల ఊపింది. ఆయన మొహమంతా వెలిగిపోయింది. ఆ వెలుగులోనే, పక్కనున్న వరమ్మను చూపించి, జర ఈమెది చూడు బిడ్డా అన్నాడు.

వరమ్మ ఫోను ముందుకు చాపింది, పొద్దున ముంత చాపినట్టే.

"మీ సల్ల మస్తు పల్చగైంది బిడ్డా. అత్త చెయ్యి ఇంక దిగలే."

లావణ్య ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. వారం రోజుల విసుగంతా ఊపిరిగా వదిలింది. మెట్టు దిగి వరమ్మ పక్కన కూర్చుని ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఆఫ్ చేసి ఆన్ చేసినవా అవ్వా?"