దొన్కొర్ మాస్టరు కట్టిన ముడి

నల్లబట్టల్లో కారు దిగుతున్న ఫ్రెమా టీచరును చూసి దొన్కొర్ మాస్టరు చేతిలోని పానా కింద పెట్టాడు. ఆమె భర్త ఒబిరి అంత్యక్రియలకు ఆయన వెళ్ళొచ్చి నెలన్నర అవుతోంది. కుమాసీ నగరంలో పాత బళ్ళు బాగుచేసే ఈ మాగజీన్ పేట సందుల్లో, ఒబిరి నమ్మింది ఈయన ఒక్కడినే.

"రండి టీచరమ్మా. ఏమంటోంది మన ముసల్ది?" అంటూ బెంజి కారు బానెట్ తట్టాడు.

"ఒక్క సంగతి తెలుసుకుందామని తెచ్చాను మాస్టరూ. బండి ఆగి ఉన్నప్పుడు, ఎవరూ తొక్కకుండా, ఇంజను దానంతటదే మోత పెంచుతుందా?"

ఈ ప్రశ్నను ఆమె ఇంట్లో చాలాసార్లు దిద్దుకుంది. ఒబిరి పేరు రాకుండా చూసుకుంది.

"ఎందుకు పెంచదు? ఈ కాలపు బెంజిలన్నిటికీ అదే రోగం. ఆగి ఉన్నప్పుడు ఇంజనుకి గాలి కొలిచి వదిలే వాల్వు ఒకటుంటుంది. దానికి కరెంటు సరిగ్గా అందకపోతే ఇంజను లేస్తుంది, పడుతుంది. దెయ్యం పట్టిందని పాస్టరు దగ్గరికి తోలుకెళ్ళిన మహానుభావుణ్ణి కూడా చూశాను."

ఫ్రెమా నవ్వలేదు. కానీ చాలా రోజుల తర్వాత ఊపిరి నిండుగా తీసుకుంది.

జనవరిలో ఆ శుక్రవారం ఒబిరి ఎప్పటిలాగే బడి గేటు ముందు కారు ఆపాడు. పిల్లల చదువు పాడవుతుంది, హారన్ కొట్టొద్దని ఏళ్ళ కిందటే ఆమె చెప్పింది. అప్పట్నుంచి వచ్చానని తెలపడానికి ఇంజనును రెండుసార్లు గట్టిగా మోగించి ఊరుకునేవాడు. ఆ రోజూ రెండుసార్లు మోగింది. కాసేపటికి మళ్ళీ. ఇంకాసేపటికి మళ్ళీ. "ఈయనకి ఇవాళ బొత్తిగా ఓపిక లేదు" అని పక్క టీచరుతో అని, మిగిలిన పదకొండు నోటుపుస్తకాలూ దిద్దింది. గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఇంజను నడుస్తూనే ఉంది. ఒబిరి తల కిటికీకి ఆని ఉంది. గుండె ఆగిందన్నారు.

ఆ మోత బండిదా, మనిషిదా? ఆమెకు తెలియాల్సింది అదొక్కటే.

దొన్కొర్ ఇంజను నడిపించాడు. ఒకే మోత. వేడెక్కనిద్దామన్నాడు. వేడెక్కాక కూడా అదే మోత.

"మీరు తెచ్చారని బుద్ధిగా కూర్చుంది" అంటూ దీపం పట్టుకుని ఇంజను వెనక భాగంలోకి వంగి చూశాడు. "ఓహో. ఇది నా ముడే."

ఊడదీసిన వైరు ఒకటి బయటికి లాగి చూపించాడు. దాని చివర టైరు ట్యూబు ముక్క మూడు ముళ్ళతో బిగించి ఉంది. తాను విప్పిన వైరును ఇంకెవరూ కలపకుండా మాగజీన్‌లో ఎవరి గుర్తు వాళ్ళు కడతారు.

"అక్టోబరులో ఒబిరి తెచ్చాడు. వాల్వుకి కరెంటు అందించే రిలే పోయింది, కొత్తది దొరకలేదు. వాల్వు వైరు పీకేసి, గాలి దారిని ఒకే కొలతకి బిగించేశాను. క్రిస్మస్ వెళ్ళాక వస్తానన్నాడు. చూశారా, ఎలా నిలబడిందో నా పని! ఇక ఇది లేవమన్నా లేవదు."

"అక్టోబరు నుంచీనా?"

"అక్టోబరు నుంచీ. కాలితో తొక్కితే తప్ప."

అప్పుడు ఆమె ముఖం చూశాడు. ఒబిరి ఎక్కడ పోయాడో ఆయనకూ తెలుసు. దీపం ఆర్పాడు.

"అయినా పాత బండి కదా టీచరమ్మా. ఒక్కోసారి ఎండకి..."

"మాస్టరూ, కాలితో తొక్కితే తప్ప అన్నారే, అదే సరైనది."

సరైన జవాబు రాసి కొట్టేసే పిల్లలతో ఆమె మాట్లాడే గొంతు అది.

"ఇప్పుడు రిలే దొరుకుతోంది. వేసి, వైరు కలిపేయనా?" అన్నాడు మెల్లగా.

"వద్దు. ముడి ఉండనివ్వండి."

ఫ్రెమా వెళ్ళి ఒబిరి సీట్లో కూర్చుంది. ఇంజను నడుస్తోంది. కాలు చాపి పెడల్‌ను రెండుసార్లు తొక్కింది. కాసేపు ఆగింది. మళ్ళీ తొక్కింది.

సందుకు అవతల కెంకే అనే మొక్కజొన్న ముద్దలు బళ్ళలోని వాళ్ళకి అందించి అమ్ముకునే మాన్సా, ఎవరికో పొట్లం కడుతూ తలెత్తింది.

"వినబడింది తల్లీ, వస్తున్నా. ఇక్కడ చెవిటివాళ్ళెవరూ లేరు."

పొట్లం అక్కడే వదిలేసి, చేతులు తుడుచుకుంటూ ఆమె కారు కిటికీ దగ్గరికి రావడానికి నిమిషం కూడా పట్టలేదు.