కింది అంచు బెజ్జాలు

మా లారీ సెకండ్ హ్యాండ్‌ది. ముందు యజమాని దాని మీద చిన్న క్రేను బిగించుకుని, మాకు అమ్మేటప్పుడు ఊడబీక్కున్నాడు. క్రేను పోయింది గానీ, బోల్టులు దిగిన బెజ్జాలు బండి అడుగు చట్రానికి, అదే ఛాసిస్‌కు, అలాగే మిగిలాయి. పిడుగురాళ్లలో కంకర ఎత్తి సత్తెనపల్లి వైపు దించి వచ్చే బండి అది. తోలేది మా ఆయన అప్పారావు. అన్ని బెజ్జాలు పడ్డ ఇనుము ఆ బరువు మోస్తుందా అని నాకు తిండి సయించేది కాదు. పైగా నేను పట్టిన పట్టు విడిచే మనిషిని కాను.

హబీబుల్లా అన్న వెల్డింగ్ షెడ్డుకు పోయి అడిగాను. ముప్పై ఏళ్లుగా లారీలకు అతుకులు వేస్తున్న చెయ్యి ఆయనది. ఛాసిస్ నిలువు రేకులో ఉన్న నాలుగు బెజ్జాలకు వెనక రాగి బిళ్ళ ఆనించి, అంచుల నుంచి లోపలికి కొంచెం కొంచెంగా నింపి, చల్లారాక నున్నగా అరగదీశాడు. కింది అంచులో ఉన్న రెండింటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పని ఆపేసి, వాటిని అలాగే వదిలెయ్యమన్నాడు. ఎందుకని అడిగాను. "చెప్పినా నీకర్థం కాదులే చెల్లెమ్మా" అని నవ్వాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్లు మండింది.

ఆ తర్వాత హబీబుల్లా అన్న కూతురి కాన్పుకని మాచర్ల వెళ్లాడు. షెడ్డులో ఆయన తమ్ముడు వాజిద్ ఉన్నాడు. మా ఆయన బండిని షెడ్డు ముందు నిలిపి ఇంట్లో పడుకుని ఉన్నప్పుడు నేను వెళ్లి వాజిద్‌ను గంటసేపు పోరాను. నా నోటికి జడిసి ఒప్పుకున్నాడు పాపం. రెండు బోల్టుల తలలు కోసేసి, మొండేలను ఆ బెజ్జాల్లోకి సుత్తితో దిగ్గొట్టి, పైన వెల్డింగ్ చేసి, గ్రైండర్ పట్టి నల్ల రంగు పూశాడు. చేత్తో తడిమి చూసుకున్నాను. ఎక్కడా బెజ్జం తగల్లేదు. మా ఆయన్ని నేనే కాపాడుకున్నానని పొంగిపోయాను.

పది రోజుల తర్వాత ఒక పొద్దున హబీబుల్లా అన్న చెప్పులు కూడా లేకుండా మా వాకిట్లోకి వచ్చాడు. మాచర్ల నుంచి తిరిగొచ్చి షెడ్డు ఊడుస్తుంటే కోసిన బోల్టు తలలు దొరికాయట. వాజిద్‌ను నిలదీస్తే సంగతి చెప్పాడట. బండెక్కడుందని అడిగాడు. లోడుతో ఇప్పుడే పోయిందన్నాను. ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు.

"లోడు పడితే సాగేది ఆ కింది అంచేనమ్మా. ఉత్త బెజ్జంతో ఏం కాదు. కాల్చినకాడ ఇనుం పెళుసెక్కుద్ది, అక్కణ్ణించే చీలుద్ది. ఈ మాట ఆ రోజే నీకు చెప్పాల్సింది."

మా ఆయనకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. ఎత్తడు కూడా. స్టీరింగు మీద ఉండగా ఫోనెత్తితే నా మీద ఒట్టేనని, పిల్లల ముందు చేతిలో చెయ్యి వేయించుకున్నది నేనే. ఆ ఒక్కసారికి ఒట్టు తప్పితే బాగుండని ఏడుస్తూ చేస్తూనే ఉన్నాను.

హబీబుల్లా అన్న మోటారు సైకిలు మీద బయల్దేరాం. ముందు కనిపించిన ప్రతి లారీ మాదేననిపించేది, దగ్గరికి పోతే కాదు. రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా మా ఆయన లారీ చక్రాలు కూడా దీని మీదే ఎక్కి దిగి ఉంటాయనుకునేదాన్ని. నేను నాకు తెలిసిన దేవుళ్లందరినీ పిలుస్తున్నాను. ముందు కూర్చున్న అన్న అల్లాను పిలుచుకుంటున్నాడు.

కొండమోడు దాటాక రోడ్డు పక్కన మా లారీ కనిపించింది. నడుము దగ్గర కుంగి ఉంది. నిండా కంకర. బండి కింద నుంచి మా ఆయన కాళ్లు రెండూ బయటికి ఉన్నాయి.

పరిగెత్తి ఆ కాళ్లు పట్టుకుని ఈడ్చాను. ఆయన తిట్టుకుంటూ బయటికి వచ్చాడు. టప్పుమని చప్పుడైతే ఆపి చూస్తున్నాడట. అన్న వంగి చూశాడు. వాజిద్ పూడ్చిన చోట మొదలైన చీలిక నిలువు రేకులోకి జానెడు పాకింది. ఇంకొక్క గతుకు పడితే బండి రెండు ముక్కలయ్యేదన్నాడు.

ఆ బెజ్జాల్ని నేనే పూడ్పించానని మా ఆయనతో ఒప్పుకున్నాను.

"తెలుసులేవే" అన్నాడు వీపు దులుపుకుంటూ. "కొత్త రంగు చూసిన్నాడే తెలిసింది. ఆడ వెల్డింగ్ పెట్టకూడదని ఏ డ్రైవర్ని అడిగినా చెబుతాడు. నువ్వేమో చానా సంబరంగా ఉన్నావు. చెప్పబుద్ధి కాలా. అందుకే ఇన్నాళ్లూ సగం లోడే ఎత్తుతున్నా. ఇయ్యాల క్వారీలో వద్దంటున్నా నిండా పోశారు."

పది రోజులు. నా మొహం చిన్నబోకూడదని పది రోజులు ఆ బండి తోలాడు. నాకు చెయ్యి లేచింది. పోయే వచ్చే లారీల వాళ్లంతా చూస్తుండగా, నడిరోడ్డు మీద మా ఆయన్ని కొట్టాను. ఆయన చెయ్యి కూడా అడ్డు పెట్టుకోలేదు. హబీబుల్లా అన్న అటు తిరిగి నిలబడ్డాడు. చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టి, ఆ చేత్తోనే ఆయన చొక్కా పట్టుకున్నాను. ఇంకో బండి వచ్చి కంకరంతా మార్చుకునేదాకా వదల్లేదు.