నాలింజ

“మేం తక్కువేమీ చెయ్యడం లేదండీ. నారింజ అంటాడు, తెచ్చిస్తాం. ఇచ్చిన పండు తీసుకుని మా మొహానే కొడతాడు. నిన్న ఒకమ్మాయికి కన్ను వాచిపోయింది. అందుకే వాణ్ణి ఒంటరి గదిలో పెట్టాం. ఈ ఆదివారం మీరు రావద్దు.”

ఫోన్లో గ్లెనిస్‌తో ట్రెవర్ మాట్లాడుతున్నాడు. మార్ల్‌డీన్ మానసిక ఆస్పత్రిలో ఆమె తమ్ముడు కెల్విన్ ఉండే వార్డుకు పెద్ద నర్సు అతనే. ఇంగ్లండులో, గ్రిమ్స్‌బీ ఊళ్లో తన వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తున్న గ్లెనిస్ చేతిలో కత్తి ఆగిపోయింది.

“నారింజ అన్నాడా, నాలింజ అన్నాడా?” అని అడిగింది.

ట్రెవర్ నవ్వాడు. “ఆ, అదే. ముద్దుగా అంటాడు కదా.”

ఎన్నాళ్ల నుంచి అంటున్నాడని అడిగింది. వారం పైనే అయిందన్నాడు. అన్నం ముట్టడం లేదట, అలిగాడట. పొట్ట కాస్త ఉబ్బిందట, తిండి ఎక్కువై ఉంటుందట. అలిగి అన్నం మానేసినవాడికి తిండెలా ఎక్కువవుతుందని గ్లెనిస్ అడిగింది.

కెల్విన్‌కు నాలింజ అంటే పండు కాదు. చిన్నప్పుడు చెవిపోటుతో గోడకేసి తల బాదుకుంటుంటే, అమ్మ నారింజ రుచి ఉన్న మందు చెంచాతో పోసేది. నొప్పి పోయేది. అప్పటినుంచి పన్ను సలిపినా, వేలు నలిగినా వాడికి వచ్చిన మాట ఒకటే. ఇప్పుడు ముప్పై దాటినా అదే. నొప్పి అనే మాట వాడికి రాదు. అమ్మ పోయాక ఆ మాటకు అర్థం తెలిసిన మనిషి ఈ భూమ్మీద గ్లెనిస్ ఒక్కతే. మార్ల్‌డీన్‌లో చేర్చినప్పుడే ఆమె అందరికీ చెప్పింది. విన్నవాళ్లంతా ఒక్కొక్కరే ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు.

వీధిలో ఏదో గొడవలో ఒక పోలీసును తోశాడని, వాణ్ణి కొద్దివారాలు ఉంచి పంపేస్తామని తీసుకెళ్లారు. ఏళ్లు గడిచాయి. దేశానికి ఈ చివర అక్క, ఆ చివర తాళాల వెనక తమ్ముడు.

వాడికి నొప్పిగా ఉంది, డాక్టరుకు చూపించండి అంది గ్లెనిస్. డాక్టరు సోమవారం వస్తాడన్నాడు ట్రెవర్. అది వాడి ప్రవర్తన, మీరు కంగారు పడకండి అన్నాడు. అక్కడ ఏడ్చినా ప్రవర్తనే, ఏడవకపోయినా ప్రవర్తనే.

బంగాళాదుంపలు అలాగే వదిలేసి కారెక్కింది. దారిలో ఆగి అంబులెన్సుకు ఫోన్ చేసింది. వాళ్లు వార్డుకు ఫోన్ చేసి కనుక్కున్నారు. రోగి నెమ్మదిగానే ఉన్నాడు, పక్కన నర్సు ఉంది, అక్కర్లేదని వార్డు చెప్పిందట. అంబులెన్సు రాదు.

మార్ల్‌డీన్ గుమ్మంలో అద్దాల కిటికీ వెనక, వచ్చేపోయేవాళ్లను చూసే మోయిరా ఉంది. ముసలావిడ, గ్లెనిస్‌ను ఎరిగినదే. “నిన్ను లోపలికి పంపొద్దన్నారు తల్లీ. నేనేం చెయ్యను” అంది, తల ఎత్తకుండా. వెనక రెండు ఇనప తలుపులు. ఒకటి మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది.

ట్రెవరే బయటికి వచ్చాడు. గోల చేస్తే వచ్చే నెల కూడా చూడనివ్వనని మెల్లగా చెప్పాడు. తర్వాత ఓదార్పుగా అన్నాడు: “ఇప్పుడు కుదుటపడ్డాడండీ. పొద్దుట్నుంచీ అరుపే లేదు.”

గ్లెనిస్‌కు తెలుసు. కెల్విన్ నిద్రలో కూడా గొణుగుతాడు. వాడు అరవడం మానేశాడంటే, అరిచే ఓపిక పోయిందన్నమాట.

అరిచినా, ఏడ్చినా, కాళ్లు పట్టుకున్నా ఈ తలుపులు తెరుచుకోవు. అంబులెన్సు ఈ గుమ్మం దాకా ఎవరి కోసం వస్తుంది? ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత గోడకు జారగిలబడి నేలమీద కూలబడింది. గుండెమీద చెయ్యి వేసుకుంది.

“మోయిరా, ఎడమ చెయ్యి లాగేస్తోంది. ఊపిరాడ్డం లేదు.”

మాట పూర్తి కాకముందే మోయిరా ఫోన్ ఎత్తింది. ట్రెవర్ పరుగున వెళ్లి దిండు తెచ్చి తలకింద పెట్టాడు, దుప్పటి కప్పాడు, చెయ్యి పట్టుకుని మెల్లగా ఊపిరి తీసుకోమన్నాడు. అంతా ఒద్దికగా చేశాడు. ఇది మీ ప్రవర్తనా అని ఆమెను ఎవరూ అడగలేదు.

అంబులెన్సు వచ్చింది. రుబీనా అనే ఆమె దిగి, గ్లెనిస్ ఛాతీకి తీగలు తగిలించి చూసింది. “మీ గుండె బాగానే ఉందమ్మా.”

గ్లెనిస్ ఆమె మణికట్టు పట్టుకుంది. “నాకేం లేదు. నా తమ్ముడు ఆ తలుపుల వెనక ఉన్నాడు. పొట్ట ఉబ్బింది, తినడం లేదు, పొద్దుట్నుంచీ నోరు మెదపలేదు. నొప్పని చెప్పడం రాదు వాడికి. నన్ను జైల్లో పెట్టించండి, కానీ వాణ్ణి చూసి పొండి.”

ట్రెవర్ మొహం ఎర్రబడింది. ఇదంతా నాటకమన్నాడు. లోపలి రోగి తమ బాధ్యత అన్నాడు.

“ఎలాగూ వచ్చాను కదా, ఆయన్ని ఒకసారి చూసి పోతాను” అంది రుబీనా. “వద్దంటారా, సరే. వద్దన్నది మీరేనని మావాళ్లకి మీ పేరుతో చెప్పనా?”

ట్రెవర్ తలుపు వైపు తిరిగాడు. నడుముకు వేలాడే తాళాలు గలగలమన్నాయి.

గ్లెనిస్‌ను లోపలికి రానివ్వలేదు. గుమ్మంలో నిలబడి తలుపుల్నే చూసింది. కాసేపటికి లోపల పరుగెడుతున్న అడుగులు వినిపించాయి. స్ట్రెచర్ బయటికి వచ్చింది. దానిమీద కెల్విన్ మొహం పాలిపోయి ఉంది, పెదాలు ఎండి పగిలాయి. ఆమెను చూశాడు.

“గెన్నీ. నాలింజ.”

అమ్మ ఎప్పుడూ ఇచ్చే జవాబే ఇచ్చింది గ్లెనిస్. “ఎక్కడరా నాన్నా?”

వాడు ఆమె చెయ్యి తీసుకుని పొట్టమీద పెట్టుకున్నాడు. పొట్ట బల్లలా గట్టిగా ఉంది. వారం రోజులుగా వాడు ఎదురుచూసింది ఆ ఒక్క ప్రశ్న కోసమే.

మార్ల్‌డీన్‌లో నెమ్మదిగా ఉంచడానికి ఇచ్చిన మందులకే పేగు బిగుసుకుపోయి చిల్లుపడిందని, అంబులెన్సు తీసుకెళ్లిన పెద్దాస్పత్రిలో సర్జన్ చెప్పాడు. కోసి కుట్టారు. బతుకుతాడా అని గ్లెనిస్ అడిగితే ఆయన చూపు తిప్పుకున్నాడు. ఈలోగా ట్రెవర్ ఫోన్ చేశాడు. మోసం చేసినందుకు ఇక మార్ల్‌డీన్‌లో అడుగు పెట్టకూడదట. కెల్విన్ కోలుకుంటే తిరిగి అక్కడికేనట, చట్టం అంతేనట. బతక్కపోతే పోతాడు, బతికితే మళ్లీ ఆ తలుపుల వెనక్కి పోతాడు. ఆమెకు మిగిలింది ఈ మంచం పక్కన గడిపే కాస్త సమయమే.

మర్నాడు మధ్యాహ్నం మంచం పక్కన మార్ల్‌డీన్ మనిషి కాపలా కూర్చున్నాడు. లెస్లీ అని నడివయసు మనిషి, రోజుకూలీకి వచ్చాడు. కెల్విన్ కళ్లు తెరవకుండానే పెదాలు కదిపాడు.

“నాలింజ.”

లెస్లీ పాపం మంచివాడే. బల్లమీదున్న రసం డబ్బా అందుకోబోయాడు. గ్లెనిస్ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ మాటకు అర్థం చెప్పింది, తిరిగి ఏమని అడగాలో చెప్పింది.

“నేనీ ఒక్క రోజుకేనమ్మా. రేపు ఇంకెవరో వస్తారు.”

“రేపొచ్చేవాళ్లకి మీరు చెప్పండి. వాళ్లని ఆ తర్వాత వచ్చేవాళ్లకి చెప్పమనండి. ముందు ఇప్పుడు అడగండి.”

లెస్లీ సిగ్గుపడుతూ ముందుకు వంగాడు. “ఎక్కడ నాయనా?”

కెల్విన్ కళ్లు తెరిచాడు. కొత్త మొహాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత, ఈయనకు చెప్పొచ్చా అన్నట్టు గ్లెనిస్ వైపు తల తిప్పాడు.